సత్తయ్య పాటలో నా చోటు

సౌండ్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం నాలుగు మాటలు రాసివ్వమని మా మేనల్లుడు అఫ్జల్ అడిగాడు. మట్టెవాడలో నా పాత దుకాణాన్ని ఇప్పుడు వాడే నడుపుతున్నాడు. నా చేతిలో ఉన్నప్పుడు అది మైక్ సెట్ దుకాణం, వాడి చేతికి పోయాక డీజే అయింది. బోర్డు మీద నా పేరు తీసేసి మెరుపు బొమ్మ వేయించాడు. పేరుకన్నా మెరుపే బాగుందని మా ఆవిడ రబియా కూడా ఒప్పుకుంది.

నేను చదివింది ఏడో తరగతి వరకు. ఎనిమిదిలోకి పోయే వేళ లెక్కల సారు నన్ను చూశాడు, నేను సారును చూశాను, ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయాం. కాబట్టి ఇందులో పెద్ద మాటలు దొరకవు. ఏ వైరు ఎక్కడ కలపాలో కూడా రాయను, అది మీ ఫోన్లలో వీడియోలుగా ఉంది. ఈ పని మన దగ్గర్నుంచి ఏం తీసుకుంటుందో ఆ వీడియోల్లో ఉండదు. అది రాస్తాను.

సప్పుడు ఆగితే

మైక్ సెట్ వాడి పని పాట వినిపించడమని జనం అనుకుంటారు. అసలు పని సప్పుడు ఆగకుండా చూడటం. ఈ రెండూ ఒకటి కావని తెలిసేసరికి నా తల నెరిసింది.

పెళ్ళిలో మనకు బల్ల ఎక్కడ వేస్తారో మీకు తెలుసు. వంటవాళ్ళ పొగ ఎటు వస్తుందో అటే. చెయ్యి యాంప్లిఫయర్ మీద ఉంటుంది, చెవి హారన్ల మీద ఉంటుంది. పాడేవాళ్ళు ఏం పాడుతున్నారో మనకు పట్టదు. గొంతు పగులుతున్నదా, వైరు గురగుర అంటున్నదా, కరెంటు తగ్గిందా, ఇవే మన లోకం. అప్పగింతల పాటకు పందిరంతా ఏడుస్తుంటే నేను ఎడమ పక్క హారన్ వేడెక్కిందని ఏడ్చేవాణ్ని. నా కళ్ళు చూసి పెళ్ళిపిల్ల మేనత్త, "పాపం, మైకాయనది ఎంత మెత్తటి మనసు," అన్నది ఒకసారి. నేను కాదనలేదు.

నాకు పని నేర్పిన మనిషి మల్లేశం సేటు. పొట్టిగా ఉండేవాడు. లాల్చీ జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్ ఉండేది. మొదటి రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు.

"యాకూబ్, మైకుల నుంచి సప్పుడు వచ్చినంతసేపు నిన్నెవ్వడు సూడడు. సప్పుడు ఆగిందనుకో, అందరు నీ దిక్కే సూస్తరు. గట్ల సూశిండ్రంటే పని ఖరాబైనట్టె."

"పాడెటాయన దమ్ము తీసుకోడా సేటూ?"

"తీసుకుంటడు. ఆయన తీసుకునేటప్పుడు నువ్వు బిగబట్టు."

నవ్వుతూ అన్నాడు కానీ నేను నిజంగానే బిగబట్టాను. సప్పుడు ఆగిందంటే ఫాల్టు. ఆగగానే కుడిచెయ్యి సప్పుడు పెంచే గుండీ దగ్గరికి పోవాలి, కొంచెం పెంచాలి, మైకు బతికి ఉందో లేదో చూడాలి. కొన్నాళ్ళకు ఇది నా చేతికే అలవాటైపోయింది, నన్ను అడగడం మానేసింది. ఇంట్లో రబియా మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగితే నా వేళ్ళు గాలిలో తిరిగేవి.

"ఆ చెయ్యి తిప్పుడు జర బంద్ చేయుండ్రి," అనేది. "నేను ఆలోచించెటందుకు ఆగిన. కరెంటు పోయి కాదు."

సేటు నేర్పిన ఇంకో విద్య కూడా చెప్పాలి. ఒక ఊళ్ళో మీటింగు జరుగుతోంది. స్టేజీ మీద ఇద్దరు పెద్దమనుషులు ఒకే మైకు పట్టుకుని గుంజుకుంటున్నారు. వీళ్ళు తిట్టే తిట్లు హారన్ల మీదుగా ఊరి బయట చెలకల్లో పని చేసుకునేవాళ్ళకు కూడా వినిపిస్తున్నాయి, అక్కడి నుంచి జనం కర్రలతో బయల్దేరారు. సేటు నింపాదిగా యాంప్లిఫయర్ వెనక చెయ్యి పెట్టి ఫ్యూజు ఊడదీశాడు. దాన్ని లాల్చీ జేబులో వేసుకుని స్టేజీ ముందుకొచ్చి, "ఫ్యూజు పోయిందయ్యా, జర ఓపిక పట్టుండ్రి," అన్నాడు. తర్వాత చాయ్ తెప్పించుకుని, మిషన్ వెనక మూత తెరిచి, లేని దుమ్మును ఊదుతూ కూర్చున్నాడు.

మైకు లేకపోయేసరికి ఆ ఇద్దరి తిట్లు వాళ్ళిద్దరికే వినపడ్డాయి. కాసేపటికి వాళ్ళకే విసుగొచ్చింది. మేం చాయ్ తాగడం అయిపోయేసరికి వాళ్ళు పక్కపక్కన కూర్చుని మా ఫ్యూజు కోసం ఎదురుచూస్తున్నారు.

"మైకు లేకుంటే మనుషులు దగ్గరికొస్తరు," అన్నాడు సేటు, తిరిగి వచ్చేటప్పుడు. "కానీ ఊకె ఊకె తీయకు. తెలిసిపోతది."

సేటు మంచివాడే. అయితే ఒక్క మాట నిజం చెప్పుకోవాలి. ఆయన పండుగ పూట ఎవర్నీ ఇంటికి పంపలేదు, తనూ పోలేదు. ఊరందరూ నవ్వే రోజులన్నీ మాకు డ్యూటీలే. పెళ్ళి భోజనం వేడిగా ఉంటుందని నాకు మొదటిసారి తెలిసింది రిటైరయ్యాకే.

బుల్‌బుల్

మైకుల్లోకి రాకముందు నేను బుల్‌బుల్ వాయించేవాణ్ని. చూడని పిల్లల కోసం చెప్తున్నాను. ఒళ్ళో పెట్టుకునేంత చెక్కపెట్టె, పైన తీగలు, పక్కన టైపు మిషన్‌కు ఉన్నట్టు మీటలు. ఎడమ చేత్తో మీటలు నొక్కుతూ కుడి చేత్తో తీగలు మీటాలి. దర్గాలో ఖవ్వాలీకి కూర్చున్నప్పుడు మా అబ్బా, అంటే మా నాన్న, వాయించేవాడు. ఆయన చేతుల నుంచి నా ఒళ్ళోకి వచ్చింది.

నాకు జోడీ సత్తయ్య. హసన్‌పర్తిలో వాళ్ళది వ్యవసాయం. మట్టెవాడకు కూరగాయలు తెచ్చి అమ్మేవాడు, అమ్ముకుంటూ పాడేవాడు. ఆయన గొంతు విని జనం ఆగేవారు, ఆగినందుకు మొహమాటానికి వంకాయలు కొనేవారు. నేనూ అట్లాగే దొరికిపోయాను. ఇద్దరం ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. ఏ లెక్కన బావలమో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.

సత్తయ్య తల్లి పుట్టిల్లు పాలంపేట దగ్గర. ఆమె నాట్లప్పుడు పాడే పాట ఒకటి సత్తయ్యకు వచ్చింది. "నీళ్ళు దాటి పోయినోడా, నీడనన్న పంపరాదా" అని ఎత్తుకుంటుంది ఆ పాట. అక్కడ ఆగుతుంది. నాటేసే ఆడవాళ్ళ చేతిలో నారు అయిపోతే వెనక్కి తిరిగి ఇంకో కట్ట అందుకోవాలి కదా, ఆ ఆగడం అందుకు. కట్ట చేతికి వచ్చాక మళ్ళీ పాట సాగుతుంది. తల్లి ఎట్లా పాడిందో సత్తయ్య అట్లాగే నేర్చుకున్నాడు. భజన మండలిలో తాళాలు పట్టుకుని కూర్చుని పాడినా అక్కడ ఆగేవాడు.

"గీ ఖాళీల ఏమన్న వెయ్యి బావా," అన్నాడు ఒకరోజు. "నాకు అందుకునెటందుకు నారు లేదాయె. ఉత్తగ ఆగుతె పాట మర్సిపోయిన అనుకుంటాండ్రు."

నేను బుల్‌బుల్ మీద చిన్న జవాబు వేశాను. నీడనైనా పంపవా అని ఆమె అడిగితే, నీళ్ళ అవతల నుంచి ఎవరో ఏదో అనబోయి సగంలో ఆగినట్టు ఉండేది. సత్తయ్య తల్లి ఒకసారి విన్నది. విని, కొంగుతో మొహం తుడుచుకుని, "ఈ పోరడెవ్వడో గని, ఆయనే పలికినట్టున్నది," అన్నది. నేను పొగుడుకుంటున్నానని అనుకోవద్దు. ఆ మాట అన్న మనిషి ఇప్పుడు లేదు, కాబట్టి చెప్పే పని నా మీద పడింది.

సీజన్ అయిపోనీ

తర్వాత పెళ్ళయింది, సేటు దగ్గర పని కుదిరింది. సత్తయ్య వాళ్ళు ప్రతి శనివారం సాయంత్రం హసన్‌పర్తిలో చెరువు పక్కనున్న మండలి గదిలో కూర్చునేవాళ్ళు. సీజన్ అయిపోగానే వస్తానని చెప్పాను.

మన సీజన్ ఎట్లాంటిదో మీకు చెప్పాలా. పెళ్ళి ముహూర్తాలు అయిపోతే బోనాలు, బోనాలు అయిపోతే గణపతి, ఆ వెనకే బతుకమ్మ. నడుమ పీర్లు, ఉర్సు, జాతర. ఇవేవీ లేకుంటే ఎలక్షన్లు. అవీ లేని వారంలో పాడైన హారన్ యూనిట్లు రిపేరుకు ముందేసుకుని కూర్చోవాలి. ఊళ్ళో ఎక్కడ పాట ఉంటే అక్కడ నేనున్నాను. పాటకు అంత దగ్గరగా, పాటతో ఏ సంబంధమూ లేకుండా బతికిన మనిషి నాకు తెలిసి ఇంకొకడు లేడు, మిఠాయి దుకాణంలో షుగర్ రోగి తప్ప.

సత్తయ్య బజారులో ఎదురుపడితే అడిగేవాడు.

"ఏం బావా, సీజన్ అయ్యిందా?"

"అయిపోతాంది బావా."

"గా మాట పోయిన సీజన్‌ల గూడ అన్నవ్."

"గది వేరే సీజన్."

నవ్వి వంకాయలు తూచి ఇచ్చేవాడు. బుల్‌బుల్ సజ్జ మీదికి ఎక్కింది. ఏదో మీటింగు బ్యానర్ గుడ్డ చుట్టి పెట్టాను. గుడ్డ మీద "స్వాగతం" అని ఉండేది. పరుపులు దించినప్పుడల్లా ఆ అక్షరాలు కనబడేవి, నేను పరుపులే దించి వచ్చేవాణ్ని.

ఇష్టమైనదాన్ని వదిలేయాలని నేనెప్పుడూ అనుకోలేదు. అనుకుని ఉంటే ఒకరోజు ఏడ్చి ఊరుకునేవాణ్ని. రేపు, వచ్చే వారం, ఆషాఢంలో అని అంటూ ఉన్నాను. అందువల్ల లోపల ఎక్కడో రోజూ కొంచెం కొంచెంగా గుచ్చుకునేది. అది ఏమిటో నాకు తెలిసేది కాదు. గ్యాస్ అనుకుని సోడా తాగేవాణ్ని.

గణపతి మంటపంలో కీచుమన్న జవాబు

మా గల్లీ గణపతి మంటపానికి ఒక ఏడు హసన్‌పర్తి మండలిని పిలిచారు. మైక్ సెట్ నాది. సత్తయ్య మైకు ముందు, నేను యాంప్లిఫయర్ వెనక. నడుమ జనం.

సత్తయ్య తన తల్లి పాటే ఎత్తుకున్నాడు. "నీడనన్న పంపరాదా" అని ఆగాడు. ఆగి నా వైపు చూశాడు.

నా చెవికి తెలిసిందొక్కటే, సప్పుడు ఆగింది. మైకాయన దిక్కు చూస్తున్నారంటే పని ఖరాబైనట్టే. నా చెయ్యి గుండీ తిప్పేసింది. హారన్లు రెండూ ఒక్కసారి కీచుమన్నాయి. ముందు వరుసలో పిల్లలు చెవులు మూసుకున్నారు, ఒక ముసలమ్మ గణపతికి దండం పెట్టింది. సత్తయ్య ఏమీ జరగనట్టు మిగతా పాట పాడాడు.

అయిపోయాక ప్రసాదం తింటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"నీ జవాబు గింత గట్టిగ వస్తదనుకోలే బావా," అన్నాడు.

నేనూ నవ్వాను. మైకు పాతది, ఆ వైపు తిప్పితే కూస్తుందని ఏదో చెప్పాను. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. హారన్లు విప్పి ఆటోలో వేసుకుని పోతుంటే దారిలో తట్టింది. ఆ ఖాళీ ఫాల్టు కాదు. నేను లేని అన్నేళ్ళూ ఆయన అక్కడ ఆగుతూనే ఉన్నాడు. నేను ఎదురుగా కనబడ్డ రోజున నాకోసం ఇంకా కాస్త ఎక్కువ ఆగాడు. నేను దాన్ని రిపేరు చేశాను.

పిల్లలూ, ఇలాంటి తప్పు మన పనివాళ్ళే చేస్తారు. మంచి పనివాళ్ళే చేస్తారు.

చెవి సంగతి

డీజే డబ్బాలు వచ్చాక నా హారన్లను ఎవరూ పిలవడం లేదు. దుకాణం అఫ్జల్‌కు ఇచ్చి ఇంట్లో కూర్చున్నాను. రబియా మాటలు నాకు సగమే వినబడుతున్నాయంటే ఆమే దవాఖానకు తీసుకుపోయింది. సగం వినబడితే సుఖమే కదా అన్నాను. ఆ మాట మాత్రం ఆమెకు పూర్తిగా వినబడింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. నా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి చేతికి ఒక బటన్ ఇచ్చింది. సప్పుడు వస్తే నొక్కమంది. నేను కూర్చున్నాను. ఎంతకీ ఏమీ రాలేదు.

"బిడ్డా, మీ మిషన్‌ల ఫ్యూజు పోయినట్టున్నది, జర సూస్కో," అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. "మిషన్ మంచిగనే ఉంది తాతా," అన్నది.

సన్న సప్పుళ్ళు ఎడమ చెవిలో దాదాపు పోయాయి, కుడి చెవిలో కొన్ని మిగిలాయి. హారన్ల కింద నిలబడి సంపాదించుకున్నది అది. మీ డబ్బాలు నా హారన్లకు తాతలు. కాబట్టి మోత తగ్గించడానికి చెవుల్లో పెట్టుకునే బిరడాలు దొరుకుతాయి, పెట్టుకోండి. పెట్టుకుంటే దోస్తులు నవ్వుతారు. నవ్వనీయండి, మీకు వినబడదు.

ఆ సాయంత్రమే సజ్జ మీద నుంచి బుల్‌బుల్ దించాను. తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. కొత్తవి వేయించాను. నా వేళ్ళకు టంకం కాల్చిన మచ్చలు గట్టిపడి ఉన్నాయి, మీట ఎక్కడ నొక్కుతున్నానో తెలియడం లేదు. మొదటి వారం వాయించింది విని రబియా, "ఎలుకల బోను ఇంక అక్కర లేదు. మీరు మొదలువెట్టంగనే అవ్వే సామాన్లు సర్దుకుంటానయ్," అన్నది.

ఫ్యాన్ తిరిగితే బుల్‌బుల్ నాకు వినబడదు. ఆపితేనే, కుడి చెవి వంచితేనే, కొంచెం వినబడుతుంది. ఆ మెరుపు లాంటి సన్నటి మోత, చిన్నప్పుడు అబ్బా పక్కన కూర్చుంటే ఒళ్ళు ఝల్లుమనేది, అది ఇంక లేదు. గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టు ఉంటుంది. గోడ అవతలైనా అది నాదేనని తెలుస్తుంది. "పాటనన్న వాయించుండ్రి, ఫ్యానన్న తిరగనియ్యుండ్రి," అని రోజూ సతాయించేది రబియా. ఒక మధ్యాహ్నం తలెత్తి చూస్తే ఆమే ఫ్యాన్ ఆపేసి, విసనకర్రతో విసురుకుంటూ గుమ్మంలో కూర్చుని ఉంది. నేను చూశానని ఆమెకు తెలియనివ్వలేదు.

శనివారం

సత్తయ్య ఫోన్ చేశాడు. మామూలుగా అడిగే సీజన్ మాట అడగలేదు.

"దమ్ము సాల్తలేదు బావా," అన్నాడు. "గా ఖాళీల ఆగి మళ్ళ ఎత్తుకునుడు కష్టమైతాంది. మండలికి కొత్త డబ్బా, మైకులు కొన్నరు. సురేష్ సారు కీబోర్డ్ వాయిస్తాండు. గా ఖాళీల ఏమన్న నింపుతా అంటాండు. ఈ శనివారం నుంచి నింపుమని చెప్దామనుకుంటాన."

"చెప్పినవా?"

"చెప్పలే. నీకు చెప్తాన."

శనివారం బుల్‌బుల్ గుడ్డలో చుట్టుకుని హసన్‌పర్తి బస్సెక్కాను. గదిలోకి అడుగుపెట్టగానే సత్తయ్య లేచి నా భుజాలు పట్టుకున్నాడు. సన్నబడ్డాడు. ఆయన ఏదో అనబోయేలోపు డోలక్ వాయించే రాజయ్య చూశాడు నన్ను.

"మైక్ సెట్ యాకూబ్ భాయ్ వచ్చిండు. అన్నా, పుణ్యముంటది, గీ డబ్బా గుంయ్‌మంటాంది, జర సూడరాదు."

బుల్‌బుల్‌ను గోడకు ఆనించి డబ్బా వెనక్కి పోయాను. ఎర్తింగ్ వదులైంది. బిగించాను, గుంయ్ పోయింది. అందరూ సంతోషపడ్డారు. "అక్కడ్నే కూసోండి అన్నా, నడుమల మళ్ళ వస్తే సూడచ్చు," అని కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు. చూస్తే నేను మళ్ళీ యాంప్లిఫయర్ వెనకే ఉన్నాను. మండలి అంతా గుండ్రంగా చాప మీద ఉంది. ఇంత గౌరవంగా నన్ను ఎవరూ బయట కూర్చోబెట్టలేదు.

సురేష్ సారు మంచివాడు, కాలేజీలో చెప్తాడు. కీబోర్డ్ మీద ఒక ముక్క వాయించి నాకు వినిపించాడు.

"సత్తయ్య తాత ఆగిన దగ్గర ఇది వేద్దామనుకుంటాన అంకుల్. లేకుంటె మైకు పోయిందని జనం అనుకుంటాండ్రు. మీకు తెలియంది కాదు."

"నాకు మస్తు తెలుసు సారూ," అన్నాను.

సత్తయ్య చాప మీద నుంచి నన్ను చూస్తున్నాడు. మంటపంలో చూసినట్టే.

నేను బుల్‌బుల్ తెచ్చుకుని చాప మీద కూర్చున్నా ఆ డబ్బా మోతలో అది ఎవరికీ వినబడదు. అందరికన్నా ముందు నాకే వినబడదు. డబ్బా వెనక చెయ్యి పెట్టాను. చెయ్యికి దారి తెలుసు. డబ్బా మీది లైటు ఆరింది, మోత ఆగింది.

"ఫ్యూజు పోయింది," అన్నాను. "జర ఓపిక పట్టుండ్రి."

"గిప్పుడే బాగైంది గద అన్నా," అన్నాడు రాజయ్య.

"కొత్త డబ్బాలు గింతే. గింతల మీరు ఉత్తగనే పాడుండ్రి."

మైకులు పక్కకు జరిపారు. మైకు లేకపోతే ఒకరికొకరు వినబడరు, అందుకని అందరూ చాప మీద దగ్గరికి జరిగారు. సురేష్ సారు డబ్బా లేక సప్పుడు రాని కీబోర్డ్ పక్కన పెట్టి తాళాలు తీసుకున్నాడు. ఆ దగ్గరితనంలో సత్తయ్య పక్కన ఒక మనిషి పట్టే జాగా ఏర్పడింది. నేను వెళ్ళి అందులో కూర్చుని గుడ్డ విప్పాను.

సత్తయ్య ఎత్తుకున్నాడు. గొంతు పలచబడింది కానీ దారి తప్పలేదు. "నీళ్ళు దాటి పోయినోడా, నీడనన్న పంపరాదా." ఆగాడు.

నా కుడిచెయ్యి లేచింది. గాలిలో గుండీ కోసం తిరిగింది. అక్కడ గుండీ లేదు. ఆ చెయ్యి ఏం చేయాలో నేను తేల్చుకునేలోపు ఆలస్యమైంది. రాజయ్య డోలక్ మీద వేళ్ళు ఆడించబోయాడు. సత్తయ్య చేత్తో వద్దన్నాడు. ఊపిరి చాలకపోయినా ఆగే ఉన్నాడు. చెరువు మీది గాలి తప్ప గదిలో ఏ సప్పుడూ లేదు, మొట్టమొదటిసారి నేను దాన్ని బాగుచేయాలనుకోలేదు. కుడి చెవి చెక్కకు ఆనేంత వంగి తీగ మీటాను. ఒక మీట తప్పింది. మిగతావి వాటి చోటు వెతుక్కుని వచ్చాయి.

సత్తయ్య దమ్ము తీసుకున్నాడు. తర్వాత, కట్ట చేతికి అందినట్టు, పాట మళ్ళీ సాగింది.

రెండో చరణంలో మీట తప్పలేదు. మూడో చరణంలో సురేష్ సారు తాళం ఆపి వింటున్నాడు. పాట అయిపోయింది. రాజయ్య డోలక్ పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"అన్నా, ఫ్యూజు దొరికిందా?"

నేను నోరు తెరిచేలోపు సత్తయ్య చెయ్యి చాపి నా అంగీ జేబును పైనుంచి తడిమాడు. సేటు ఫ్యూజు కథ ఆయనకు ఎప్పుడో వంకాయలు కొంటూ నేనే చెప్పాను.

"దొరకలే," అన్నాడు రాజయ్యతో. "వచ్చే శనివారం గూడ దొరకది."